తాగి పట్టుబడ్డాక ‘పనికి మాత్రం’ బండి నడపొచ్చా? మీకు తెలుసా?

దేవనకొండలో తెల్లవారక ముందే బండ్లు కదులుతాయి. టమాటా గంపలు పత్తికొండకు, పత్తి బోరేలు ఆదోనికి, కూలీలు, చదువుకునే పిల్లలు ఎమ్మిగనూరుకు. సుగ్గి కాలం వస్తే కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరప చేలకు బయలుదేరతాయి. ఈ కదలికంతా డ్రైవర్ల చేతుల్లో ఉంది. ఆటో, బొలెరో, ట్రాక్టరు, లారీ... ఏది నడిపినా, ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది జేబులో ఉన్న లైసెన్సు మీదే.

అందుకే తాగి పట్టుబడినవాడి నోట మొదట వచ్చే మాట ఒకటే ఉంటుంది: “తప్పయింది సార్. రాత్రిపూట నడపను. పొద్దున పనికి మాత్రం వదలండి.” కొన్ని దేశాల్లో ఈ మాటకు చట్టంలోనే చోటు ఉంది. మన దగ్గర ఉందా? చాలామంది డ్రైవర్లకు, వాళ్ల ఇంటివాళ్లకు తెలియని సంగతులు కొన్ని ఇవి.

1. మన చట్టంలో ‘పనికి మాత్రం’ అనే లైసెన్సు లేదు

1988 నాటి మోటారు వాహనాల చట్టం ఎక్కడా పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు నడుపుకోమని చెప్పదు. ఇంటి నుంచి మార్కెట్టు దాకా నడుపుకోమనీ చెప్పదు. లైసెన్సు ఆగిందంటే పగలూ ఆగినట్టే, రాత్రీ ఆగినట్టే. ఆస్పత్రికైనా, పిల్లల బడికైనా మినహాయింపు లేదు. ‘బతుకుదెరువు’ అనే కారణం విని గంటల లెక్కన అనుమతి రాసిచ్చే అధికారాన్ని ఈ చట్టం ఏ అధికారికీ ఇవ్వలేదు. కింద చెప్పేవన్నీ ఈ ఒక్క నిజం చుట్టూ తిరుగుతాయి.

2. గీత గీసింది 30 దగ్గర

185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారి పట్టుబడితే 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే 2 ఏళ్ల దాకా జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. 2019 సవరణకు ముందు మొదటి తప్పుకు జరిమానా 2,000 రూపాయలకు మించేది కాదు. ‘రెండు వేలు పడేస్తే అయిపోతుంది’ అనే పాత లెక్క ఇంకా మనసులో ఉన్నవాళ్లు దాన్ని ఇప్పుడే చెరిపేసుకోవాలి.

అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో ఈ గీత 80 దగ్గర ఉంటుంది. అక్కడ నేరం కాని మోతాదు ఇక్కడ గీతకు రెండింతలకు పైగా కావచ్చు. విదేశాల నుంచి సెలవులకు వచ్చి ఊళ్లో కారు తీసే పిల్లలకు ఈ సంగతి పెద్దలే చెప్పాలి.

3. బండి కదలకపోయినా నేరమే

తాగి ‘నడిపితే’ అనే కాదు, ‘నడపబోతే’ కూడా అదే సెక్షను వర్తిస్తుంది. తాళం తిప్పబోతూ దొరికినా కేసే. ట్రాక్టరు పొలం బండి కదా అనుకుంటే పొరపాటు, చట్టం దృష్టిలో అదీ మోటారు వాహనమే. ఎద్దుల బండికి 185వ సెక్షను వర్తించదు. అయితే నిర్లక్ష్యంగా తోలి జనానికి అపాయం తెస్తే భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షను ఉంది. అది ‘ఏ వాహనమైనా’ అంటుంది.

4. పోలీసు ఇచ్చే రసీదు లైసెన్సుకు బదులు కాదు

ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. మామూలు తనిఖీలో లైసెన్సు తీసుకుని రసీదు ఇస్తే, అది చూపించి నడుపుకోవచ్చని డ్రైవర్లలో ఒక నమ్మకం ఉంది. తాగి నడిపిన కేసులో అది చెల్లదు. 2019లో సవరించిన 206వ సెక్షను ప్రకారం, తాగి నడిపినట్టు నమ్మే కారణం ఉంటే పోలీసు అధికారి లైసెన్సు స్వాధీనం చేసుకుని రవాణా శాఖకు పంపాలి. తాత్కాలిక రసీదు ఇస్తారు. లైసెన్సు తిరిగి చేతికి వచ్చేదాకా ఆ రసీదు బండి నడిపే హక్కు ఇవ్వదని ఆ సెక్షనే స్పష్టంగా చెబుతోంది. ‘రసీదు ఉంది కదా’ అని మర్నాడు ఆటో తీసినవాడు రెండో కేసులో ఇరుక్కుంటాడు.

5. లైసెన్సు ఆగేది రెండు చోట్ల

ఒకటి రవాణా కార్యాలయం. మన వైపు వాళ్లు ఆదోనికో కర్నూలుకో పోయే కార్యాలయం ఇది. 19వ సెక్షను కింద అక్కడి అధికారి, డ్రైవరు చెప్పుకునేది విన్నాక, కారణాలు రాసి, మొదటి తప్పుకు 3 నెలలు లైసెన్సు ఆపొచ్చు. మళ్లీ పట్టుబడితే లైసెన్సే రద్దు చేయొచ్చు. 2015లోనే సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రతా కమిటీ, తాగి నడిపినవారి లైసెన్సు కనీసం 3 నెలలు ఆపాలని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది.

రెండోది కోర్టు. 185 కింద నేరం రుజువైతే మేజిస్ట్రేటు లైసెన్సు ఆపి తీరాలి, అదీ కనీసం 6 నెలలు. 20వ సెక్షనులో ఉన్న ఈ మాట చాలామంది చెవిన పడలేదు. జరిమానా కట్టి బయటపడ్డామనుకునేవాళ్లు, ఆ జరిమానాతో పాటు ఆరు నెలల ఆంక్ష కూడా వస్తుందని తెలుసుకోవాలి.

6. ఇది చలానా కట్టి వదిలించుకునే కేసు కాదు

హెల్మెట్ లేకపోతే జరిమానాను చలానాగా కట్టేయొచ్చు. అక్కడికక్కడే డబ్బు కట్టి రాజీ చేసుకునే నేరాల జాబితా 200వ సెక్షనులో ఉంది. ఆ జాబితాలో 185 లేదు. తాగి నడిపిన కేసు కోర్టు మెట్లు ఎక్కాల్సిందే. కాబట్టి ‘నేను చూసుకుంటా’ అని రోడ్డు పక్కన డబ్బు అడిగే దళారిని నమ్మి చేతిలో సొమ్ము పెట్టవద్దు. ఆ పని అతని వల్ల అయ్యేది కాదు.

7. వెసులుబాటుకు కాస్త దగ్గరగా వచ్చే మాట చట్టంలో ఒక్కటే ఉంది

గంటల లెక్కన అనుమతి లేదన్నాం. అయితే 20వ సెక్షనులో ఒక చిన్న సందు ఉంది. కోర్టు ‘అన్ని రకాల వాహనాలకు’ గానీ, ‘ఏదో ఒక రకం వాహనానికి’ గానీ లైసెన్సు ఆపొచ్చు. 23వ సెక్షను కూడా, ఉత్తర్వులో రాసిన మేరకు, రాసినంత కాలమే లైసెన్సు చెల్లదంటుంది. అంటే లారీ, కారు, బైకు మూడూ రాసి ఉన్న లైసెన్సులో ఏది ఆపాలో నిర్ణయించే అధికారం న్యాయమూర్తికి ఉంది.

ఇది హక్కు కాదు, పూర్తిగా కోర్టు విచక్షణ. అడిగినంత మాత్రాన దొరకదు. అయినా అడగడానికి చోటు ఉందని తెలిస్తే, వకీలు ద్వారా ఇంటి పరిస్థితిని మర్యాదగా, నిజంగా కోర్టు ముందు పెట్టుకోవచ్చు. ఉచిత న్యాయ సహాయం కావాలంటే కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు.

8. పైకి చెప్పుకునే దారీ ఉంది

రవాణా అధికారి 19వ సెక్షను కింద లైసెన్సు ఆపితే, ఉత్తర్వు అందిన 30 రోజుల్లోగా పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. కోర్టు ఆపితే, పై కోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేయొచ్చు, మార్చొచ్చు. నిజంగా తాగకుండా ఇరుక్కున్నవారికి ఈ దారి ఎంతో విలువైనది. కాగితం అందిన తేదీని గోడ మీద క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. నెల దాటితే ఎంత నిజమైనా వినిపించుకోవడం కష్టం.

9. ఆదోనిలో ఆగితే బళ్లారిలో తీసుకోవచ్చా?

కర్ణాటక సరిహద్దు పక్కనే ఉండడంతో మన వైపు ఈ ఆలోచన రావడం సహజం. కుదరదు. కోర్టు గానీ రవాణా అధికారి గానీ ఆపేది ‘లైసెన్సు కలిగి ఉండడాన్ని, కొత్తది పొందడాన్ని’ రెండింటినీ. రాష్ట్రాల లైసెన్సుల వివరాలు సారథి అనే ఒకే కంప్యూటరు వ్యవస్థలో ఉంటాయి. దాచిపెట్టి కొత్తది తీసుకున్నా అది చెల్లదు. ఆంక్ష ఉన్న కాలంలో నడిపితే 182వ సెక్షను కింద 3 నెలల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ.

బండి యజమానికీ ఇందులో బాధ్యత ఉంది. లైసెన్సు ఆగిన డ్రైవరని తెలిసి తాళాలు ఇస్తే 180వ సెక్షను యజమానిని పట్టుకుంటుంది. 3 నెలల దాకా జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. ‘పాపం, మనవాడే కదా’ అని తాళాలు ఇవ్వడం జాలి కాదు. అతన్ని మళ్లీ గోతిలోకి తోయడం.

10. ఊదమంటే ఊదకపోతే?

నోటితో ఊదే పరీక్ష 203వ సెక్షనులో, రక్త పరీక్ష 204లో ఉన్నాయి. సరైన కారణం లేకుండా పరీక్షకు ఒప్పుకోకపోతే, ఆ నిరాకరణనే కోర్టు ప్రాసిక్యూషన్ వాదనకు బలంగా తీసుకోవచ్చని 205 చెబుతోంది. అంటే మొండికేయడం రక్షణ కాదు.

మరోవైపు డ్రైవరును కాపాడే నియమం కూడా చట్టంలోనే ఉంది. తాగి నడిపాడని అరెస్టు చేస్తే 2 గంటల్లోగా పరీక్ష చేయించాలి. చేయించకపోతే విడిచిపెట్టాలి. చట్టం రెండు పక్కలా చూసింది.

11. రాత్రి తాగింది పొద్దున పట్టిస్తుంది

ఇది లెక్క వేసి చూడాల్సిన సంగతి. కాలేయం ఆల్కహాలును తన వేగంతోనే కరిగిస్తుంది. మామూలుగా 100 మిల్లీలీటర్ల రక్తంలో గంటకు సుమారు 15 మిల్లీగ్రాములు. రాత్రి 12 గంటలకు ఒకరి రక్తంలో 150 ఉందనుకుందాం. పొద్దున 6 గంటలకు 90 తగ్గి ఇంకా 60 మిగులుతుంది. అంటే నిద్రపోయి, స్నానం చేసి, నుదుట బొట్టు పెట్టుకుని ఆటో తీసిన మనిషి చట్టం గీతకు సరిగ్గా రెండింతల దగ్గర ఉన్నాడు. 30కి దిగాలంటే 8 గంటలు కావాలి. సున్నాకు దిగాలంటే 10 గంటలు.

నిమ్మరసం, మజ్జిగ, కాఫీ, చన్నీళ్ల స్నానం... వీటిలో ఏదీ ఆ గడియారాన్ని ముందుకు తిప్పలేదు. మత్తు దిగినట్టు అనిపించడం వేరు, రక్తంలో దిగడం వేరు. ‘నేను రాత్రి తాగాను, ఇప్పుడు కాదు కదా’ అనే మాట అబద్ధం కాకపోవచ్చు, కానీ చట్టం ముందు నిలవదు.

12. రోడ్డు మీద పట్టుబడక పోయినా లైసెన్సు పోవచ్చు

19వ సెక్షను కింద లైసెన్సు ఆపడానికి రాసిన కారణాల్లో మొట్టమొదటి వరుసలోనే ‘తాగుడుకు అలవాటుపడిన వ్యక్తి’ అనే మాట ఉంది. అంటే ఆ రోజు బండి నడుపుతూ దొరకాలన్న నియమం కూడా లేదు. తాగుడుకు బానిసైన మనిషి చేతిలో స్టీరింగు ఉండకూడదన్న ఆలోచన చట్టం పుట్టినప్పటి నుంచే ఉంది.

13. బండిని ఉంచేసుకునే అధికారం గురించి హైకోర్టు ఏమంది?

2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు, తాగి నడిపిన కారణంతో పోలీసులు బండిని స్వాధీనం చేసుకుని తమ దగ్గరే ఉంచుకోరాదని చెప్పింది. పక్కన తాగని, లైసెన్సు ఉన్న మనిషి ఉంటే అతనికి బండి అప్పగించాలి. లేకపోతే బంధువులకో స్నేహితులకో కబురు చేసి అప్పగించాలి. ఎవరూ రాకపోతే భద్రమైన చోట ఉంచి, తర్వాత కాగితాలు చూసి ఇవ్వాలి. తీర్పు తెలంగాణది. కానీ అందులోని సారం మనకూ తెలిసి ఉండాలి. తాగినవాడు స్టీరింగు ముందు నుంచి లేవాలి, బండి మాత్రం ఆ కుటుంబానికి దక్కాలి.

14. కర్నూలు దగ్గర ఒక్క బైకు

2025 అక్టోబరు 24 తెల్లవారుజాము. కర్నూలు దగ్గర చిన్న టేకూరు. బైకు మీద వెళుతున్న యువకుడు అదుపు తప్పి పడి చనిపోయాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైకును హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు ఈడ్చుకుపోయింది. మంటలు లేచాయి. బస్సులో నిద్రలో ఉన్న 19 మంది మళ్లీ లేవలేదు. ఆ యువకుడు మద్యం తాగి ఉన్నట్టు ఫోరెన్సిక్ పరీక్షలో తేలిందని పోలీసులు చెప్పారు.

బస్సు వైపు నుంచి జరిగిన లోపాల మీద వేరే ప్రశ్నలు ఉన్నాయి, అవి ఉండాల్సినవే. అయినా తాగి బైకెక్కితే పోయేది తన ప్రాణమే కదా అనుకునేవారికి ఈ సంఘటన ఒక్కటి చాలు. మన జిల్లా నేల మీద జరిగింది ఇది.

15. ప్రమాదం జరగకపోవడం మంచితనం కాదు

ఉత్తరప్రదేశ్‌లో పోలీసు దళానికి చెందిన ట్రక్కును ఒక డ్రైవరు తాగి నడిపి జీపును గుద్దాడు. పెద్ద నష్టం జరగలేదు. ఉద్యోగం తీసేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 జనవరిలో కోర్టు చెప్పింది ఏమిటంటే, పెద్ద ప్రమాదం తప్పడం కేవలం అదృష్టమనీ, దాన్ని చూపి క్షమించమనడం కుదరదనీ. అప్పటికే చాలా ఏళ్లు సర్వీసు చేసినందున ఉద్వాసనను నిర్బంధ పదవీ విరమణగా మాత్రం మార్చింది.

మన ఆర్టీసీ డిపోల్లో డ్యూటీ ఎక్కే ముందు డ్రైవరుతో ఊదించి చూడడం అందుకే. డ్రైవరు ఉద్యోగం చేసేవాడికి లైసెన్సు ఆగడం అంటే జీతం ఆగడమే.

16. బీమా కూడా చేయి వదిలేస్తుంది

తాగి నడిపి బండి పాడైతే, ఆ మరమ్మతు ఖర్చు బీమా కంపెనీ ఇవ్వనక్కర్లేదు. 2021లో సుప్రీంకోర్టు ఒక కారు కేసులో ఈ మాట గట్టిగా చెప్పింది. దెబ్బ తగిలిన ఎదుటివారికి కోర్టు పరిహారం ఇప్పించినా, ఆ సొమ్మును బండి యజమాని నుంచి రాబట్టుకోమని కంపెనీకి చెప్పే సందర్భాలు ఉంటాయి. కొన్న అప్పు ఇంకా తీరని బొలెరో మీద ఇంత భారం పడితే, రెండెకరాల చేను అమ్మినా తీరదు.

17. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ‘పరిమిత అనుమతి’ ఎలా ఇస్తారు?

ఇప్పుడు అవతలి దేశాలు చూద్దాం. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే నార్త్ కరోలినాలో తాగి నడిపి శిక్ష పడితే మొదటిసారికి లైసెన్సు ఒక ఏడాది పోతుంది. అయితే అర్హత ఉన్నవారికి న్యాయమూర్తి ‘పరిమితంగా నడిపే అనుమతి’ రాసివ్వవచ్చు. ఉద్యోగం, చదువు, చికిత్స, ప్రార్థన, ఇంటి అవసరాలు... ఇలా పనులు రాసి ఉంటాయి. మామూలు వేళలు సోమవారం నుంచి శుక్రవారం దాకా, పొద్దున 6 నుంచి రాత్రి 8 వరకు. అంతకు ముందు 7 ఏళ్లలో ఇలాంటి శిక్ష పడి ఉండకూడదు. తాగుడు అలవాటు ఏ స్థాయిలో ఉందో నిపుణుల చేత అంచనా వేయించుకోవాలి.

టెక్సాస్‌లో దాని పేరు వృత్తి లైసెన్సు. సాధారణంగా రోజుకు 4 గంటలు, అవసరం నిరూపిస్తే 12 గంటల దాకా. కోర్టు ఉత్తర్వు ప్రతిని బండిలోనే పెట్టుకోవాలి. ఉత్తర్వులో లేని పని మీద లేదా వేళలో దొరికితే ఆ అనుమతీ పోతుంది, కొత్త కేసూ వస్తుంది.

బస్సు దొరకని ఊళ్లలో మనిషి ఉద్యోగం పూర్తిగా పోతే ఇల్లు గడవదని ఆ చట్టాలు ఒప్పుకున్నాయి. ఆ ఒప్పుకోలుకు బదులుగా గట్టి షరతులు పెట్టాయి.

18. ఊదితేనే స్టార్టయ్యే కారు

ఆ షరతుల్లో ఒకటి ఇంజనుకు తగిలించే ఊదుడు యంత్రం. డ్రైవరు ఊదాలి. శ్వాసలో మద్యం కనిపిస్తే కారు కదలదు. దారిలో కూడా మధ్యమధ్య ఊదమంటుంది. న్యూజెర్సీలో పనికి మాత్రం అనుమతి అనే పద్ధతి లేదు. 2019 డిసెంబరు 1 నుంచి అక్కడ తక్కువ మోతాదుతో మొదటిసారి దొరికినవారికి, లైసెన్సు ఆపడానికి బదులు ఈ యంత్రం పెట్టించే దారి తెరిచారు. మనిషి పని ఆగదు, తాగితే బండి కదలదు. మన చట్టసభలు ఆలోచించదగ్గ దారి ఇది.

19. అక్కడ లైసెన్సు తిరిగొచ్చినా వీసా పోవచ్చు

పిల్లల్ని అమెరికా పంపిన తల్లిదండ్రులు దీన్ని తప్పక తెలుసుకోవాలి. తాగి నడిపి అరెస్టయితే చాలు, కోర్టులో నేరం రుజువు కాకముందే అమెరికా విదేశాంగ శాఖ వీసాను రద్దు చేసే పద్ధతి 2015 నుంచి ఉంది. గత 5 ఏళ్లలో అలాంటి అరెస్టు ఉంటే ఈ అధికారం వాడతారు. వెంటనే దేశం విడిచి పొమ్మనకపోవచ్చు. కానీ అమ్మానాన్నల్ని చూడడానికి ఇంటికి వస్తే, మళ్లీ వీసాకు దరఖాస్తు చేసుకుని వైద్య పరీక్షకు నిలబడాలి. పొలం తాకట్టు పెట్టి పంపిన చదువు ఒక్క శనివారం రాత్రితో ఆగిపోవచ్చు.

20. బ్రిటన్‌లో మనలాగే, న్యూజిలాండ్‌లో వేరుగా

బ్రిటన్‌లో తాగి నడిపితే కనీసం 12 నెలలు నిషేధం. ఉద్యోగం పోతుందన్నా మినహాయింపు అనుమతి ఇవ్వరు. కోర్టు చెప్పిన పునశ్చరణ తరగతులు పూర్తి చేస్తే నిషేధంలో నాలుగో వంతు దాకా తగ్గుతుంది. న్యూజిలాండ్‌లో మాత్రం, అర్హత ఉంటే, మొదటి 28 రోజులు అసలు నడపకుండా ఉండి, తర్వాత తీవ్రమైన ఇబ్బంది చూపించి కోర్టు నుంచి పరిమిత లైసెన్సు అడగవచ్చు. ఒక్కో దేశం ఒక్కో తూకం వేసుకుంది. ఏ దేశమూ తప్పును తప్పు కాదనలేదు.

21. హైదరాబాదులో ఇంటివాళ్లను కూడా ఎందుకు పిలిచారు?

మళ్లీ మన వైపు వద్దాం. 2011 చివర్లో హైదరాబాదు ట్రాఫిక్ పోలీసులు తాగి నడిపేవారిపై పెద్ద ఎత్తున తనిఖీలు మొదలుపెట్టారు. పట్టుబడినవాళ్లు కోర్టుకు వెళ్లే ముందు గోషామహల్, బేగంపేట శిక్షణ కేంద్రాల్లో కౌన్సెలింగుకు రావాల్సి వచ్చేది, వెంట కుటుంబంలో ఒకరిని తీసుకురావాల్సి వచ్చేది. భార్యో తండ్రో పక్కన కూర్చున్నప్పుడు ప్రమాదాల దృశ్యాలు చూడాల్సి వస్తే, జరిమానా చేయలేని పని ఒకటి జరుగుతుంది. ఈ శిక్షలో సగం మోసేది ఇంటివాళ్లే. అందుకే మాట కూడా వాళ్ల ముందే జరగాలి.

22. తిరిగి వచ్చే దారి

సవరించిన చట్టం ప్రకారం లైసెన్సు ఆగినవాళ్లు గుర్తింపు ఉన్న సంస్థలో పునశ్చరణ శిక్షణ పొందాలి. శిక్ష వివరం లైసెన్సు మీద నమోదవుతుంది. ఆ మచ్చ జీవితాంతం ఉండదు. ఆంక్ష కాలం పోను, వరుసగా 3 ఏళ్లు మరో నమోదు పడకుండా ఉంటే మచ్చ లేని లైసెన్సు అడిగే హక్కును 24వ సెక్షను ఇస్తోంది. మారినవాడికి చట్టం తలుపు మూయలేదు.

చివరిగా ఒక మాట

డ్రైవరన్నలారా, మన చట్టంలో ‘పనికి మాత్రం’ అనే తలుపు లేదు. అది ఉండాలా వద్దా అని చట్టసభలు చర్చించాలి. ఊదితేనే కదిలే యంత్రాన్ని షరతుగా పెట్టి బతుకుదెరువును నిలబెట్టే పద్ధతి మనకూ రావాలని నేను నమ్ముతాను. అది వచ్చేదాకా నిర్ణయం తీసుకోగలిగే సమయం మీకు ఒక్కటే ఉంది. గ్లాసు ముట్టుకోకముందు.

తాగిన రాత్రి తాళాలు ఇంట్లో ఇచ్చేయండి. మర్నాడు తొలి ట్రిప్పు తమ్ముడికో స్నేహితుడికో అప్పజెప్పండి. మానలేకపోతుంటే సిగ్గుపడకండి, 14446 నంబరుకు ఫోను చేయండి. తాగుడు మాన్పించే సహాయం కోసం ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు అది. ఇంట్లో ఆడవాళ్లు కూడా ఆ నంబరును ఫోనులో దాచుకోండి. ఆగిన లైసెన్సు కొంతకాలానికి తిరిగొస్తుంది. రోడ్డు మీద పోయిన మనిషి తిరిగి రాడు.